‘కాదు’ అనే మాటని తాకట్టు పెట్టకండి



ఈ మధ్య మన కుర్రాళ్ళ ఖర్చుల గురించి రెండు మాటలు తెగ వినిపిస్తున్నాయి. రెండూ వేరు వేరు నోళ్ళ నుంచి వస్తున్నాయి, ఒకదానికొకటి అస్సలు పడవు. కానీ రెండిటి వల్లా నష్టపోయేది మనమే. అందుకే రాస్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మొదటి మాట కింద నుంచి వచ్చిన ఉద్యోగస్తులది, వ్యాపారస్తులది. ఒక్కోసారి మన పెద్దవాళ్ళది కూడా. "ఈ గిరిజన కుర్రాళ్ళ చేతిలో రూపాయి నిలవదు. ఫోన్లు, బండ్లు, కూల్ డ్రింకులు, బిర్యానీలు. ప్రభుత్వం ఎంతిచ్చినా ఇలాగే తగలేస్తారు. అందుకే బాగుపడరు."

రెండో మాట పట్నంలో చదువుకున్న మన మిత్రులది, మద్దతుదారులది. "పెట్టుబడిదారీ వ్యవస్థలో మంచి ఖర్చు, చెడ్డ ఖర్చు అని ఉండదు. ఏది కొన్నా ఎక్కడో ఒక దోపిడీ ఉంటుంది. కాబట్టి మనం ఏం కొన్నా ఒకటే. తప్పు వ్యవస్థది." ఈ మాట అనేసి, అదే చేత్తో ఫోన్ తీసి పది నిమిషాల్లో వచ్చే ఐస్‌క్రీం ఆర్డర్ పెడతారు.

మొదటి మాట నేరమంతా మన నెత్తిన రుద్దుతుంది. రెండోది ఎవరి నెత్తినా పెట్టకుండా గాలికి వదిలేస్తుంది. ఈ రెండిటికీ జవాబు చెప్పాలి.

ఎవరి చెత్త, ఎవరి నెత్తిన?

1971లో అమెరికా టీవీల్లో ఒక ప్రకటన వచ్చింది. రెండు జడలు, నెత్తిన ఈక, తోలు బట్టలు వేసుకున్న ఒక ఆదివాసీ నదిలో పడవ నడుపుకుంటూ వస్తాడు. నది నిండా చెత్త. ఒడ్డు దిగి రోడ్డు పక్కన నిలబడతాడు. కారులో పోయేవాడెవడో తినేసిన పొట్లం ఆయన కాళ్ళ దగ్గరకి విసిరేస్తాడు. ఆయన కంట్లోంచి ఒక్క కన్నీటి చుక్క జారుతుంది. కాలుష్యం చేసేది జనమే, ఆపగలిగేదీ జనమే అని వెనక నుంచి ఒక గొంతు చెబుతుంది. చూసినవాళ్ళంతా కదిలిపోయారు.

ఆ ప్రకటన వేయించింది కీప్ అమెరికా బ్యూటిఫుల్ అనే సంస్థ. 1953లో దాన్ని పెట్టినవాళ్ళలో డబ్బాలు, సీసాలు తయారు చేసే కంపెనీలున్నాయి. కూల్ డ్రింకుల కంపెనీలూ దాని వెనక నిలబడ్డాయి. అంతకుముందు అక్కడ కూడా, మన ఊళ్ళల్లో సోడా సీసాలాగే, తాగేసిన సీసా వెనక్కి ఇచ్చే పద్ధతి ఉండేది. సీసా వెనక్కి తెచ్చుకోవడం, కడగడం, మళ్ళీ నింపడం కంపెనీకి ఖర్చు. వాడి పారేసే డబ్బా అయితే ఆ బాధ లేదు. అలా చెత్త గుట్టలు పడితే, సీసాకీ డబ్బాకీ డిపాజిట్ పెట్టి వెనక్కి తీసుకోవాలని కొన్ని రాష్ట్రాలు చట్టాలు తేబోయాయి. ఈ పరిశ్రమే వాటికి అడ్డం పడింది. ఒకపక్క చట్టానికి అడ్డం, ఇంకోపక్క టీవీలో "తప్పు నీదే" అని జనానికి పాఠం.

అసలు సంగతి ఇంకోటుంది. ఆ ప్రకటనలో ఏడ్చిన "ఆదివాసీ" ఆదివాసీయే కాదు. ఐరన్ ఐస్ కోడీ అని పేరు పెట్టుకున్న ఆ నటుడు ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టినవాడు. అక్కడి ఆదివాసులు ఆ బొమ్మని చూసి ఏళ్ళ తరబడి మండిపడ్డారు. చివరికి 2023లో దాని హక్కులు అమెరికన్ ఇండియన్ల జాతీయ కాంగ్రెస్ చేతికి వచ్చాయి. వాళ్ళు దాన్ని ఇక వాడనివ్వకుండా పక్కన పెట్టేశారు.

చూడండి ఎంత తెలివో. భూమి పోగొట్టుకున్న జాతి వేషం వేసుకుని, భూమిని పాడు చేసినవాడు, కొనుక్కున్నవాడి మీద నేరం మోపాడు. తర్వాత 2004 ప్రాంతంలో బీపీ అనే చమురు కంపెనీ కూడా ఇదే పని చేసింది. "మీ వల్ల ఎంత కార్బన్ పోతోందో లెక్క వేసుకోండి" అని జనానికి ఒక లెక్కల పట్టీ ఇచ్చింది. చమురు తవ్వేవాడు లెక్క చెప్పడు. బండికి లీటరు పోయించుకున్నవాడు చెప్పాలి.

కాబట్టి ఎవరైనా వచ్చి "మీ కుర్రాళ్ళకి పొదుపు తెలీదు" అంటే ముందు ఒక మాట అడగండి: సంపాదించుకునే దారి ఎవరు మూసేశారు?

2000 సంవత్సరంలో వచ్చిన జీవో 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక ఆదివాసులకే. ఆ నమ్మకంతో మన ఇళ్ళల్లో ఎంతమంది బీఈడీ, డీఈడీ చదివారో మీకు తెలుసు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవో కొట్టేసింది. ఆ రోజుతో ఒక తలుపు మూసుకుపోయింది. ఇప్పుడు ఆ సర్టిఫికెట్లు ట్రంకు పెట్టెలో పెట్టి, హైదరాబాదులోనో విశాఖలోనో ఒకపక్క కోచింగ్, ఇంకోపక్క వీపు మీద డెలివరీ సంచి వేసుకుని తిరిగే కుర్రాళ్ళున్నారు. వాళ్ళు ఫోన్ ఎందుకు కొన్నారు, బండి ఎందుకు కొన్నారు అని అడుగుతున్నారా? అవి లేకపోతే ఆ పని కూడా దొరకదు గనక. అది విలాసం కాదు. పూర్వం కూలికి పోయేవాడు తన పార తనే తెచ్చుకునేవాడు. ఇప్పుడు ఆ పారకి నెల నెలా ఈఎంఐ కూడా వాడే కడుతున్నాడు. అంతే తేడా.

సుఖపడే హక్కు మాకూ ఉంది

ఇంకో రకం పెద్దమనుషులున్నారు. వాళ్ళు మనల్ని తిట్టరు, పొగుడుతారు. "ఆదివాసులు ఎంత నిరాడంబరంగా బతుకుతారో! కొద్దిపాటితో తృప్తి పడతారు. మీరు మాలాగ మారకండి." కెమెరా తీసి మన ఇంటి గోడలు, మన అమ్మమ్మ ముక్కు కమ్మి ఫొటో తీసుకుంటారు. సాయంత్రం ఏసీ గదికి వెళ్ళిపోతారు.

వాళ్ళకి ఒకటే చెప్పండి. గెడ్డలో నీళ్ళు మోసుకుంటూ కొండెక్కే ఆడమనిషికి ఇంటి ముందు కొళాయి సౌకర్యమే. పురిటి నొప్పులతో డోలీలో మోసుకెళ్ళే మనిషికి తారు రోడ్డు సౌకర్యమే. కట్టెల పొగలో కళ్ళు పాడైన తల్లికి గ్యాస్ బండ సౌకర్యమే. కాలేజీకి పోయే చెల్లికి స్కూటీ, ఫోను, శానిటరీ ప్యాడ్లు, అన్నీ సౌకర్యాలే. వీటిలో ఒక్కటి కూడా తప్పు కాదు. మన శరీరాలు అరిగిపోవడం గొప్ప సంస్కృతి ఏమీ కాదు. సుఖంగా ఉండాలనుకోవడానికి మనం ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

కానీ ఏ సౌకర్యం మన ఊరికి ముందొచ్చిందో గమనించండి. రోడ్డు రాని ఊరికి షాంపూ ప్యాకెట్ వచ్చింది. ఆసుపత్రి రాని ఊరికి గుట్కా వచ్చింది. మంచినీళ్ళు రాని ఊరికి కూల్ డ్రింక్ వచ్చింది. ఫోన్ సిగ్నల్ సరిగ్గా లేని ఊరి కుర్రాడికి లోన్ యాప్ వచ్చింది. మనకి ఏది అవసరమో అది రావడానికి ఏళ్ళ తరబడి ఐటీడీఏ చుట్టూ అర్జీలు పట్టుకుని తిరగాలి. మన దగ్గర నుంచి ఏది గుంజుకోవచ్చో అది మాత్రం పిలవకుండానే వచ్చేస్తుంది.

అందుకే "సౌకర్యం మంచిదా చెడ్డదా" అని అడిగితే జవాబు దొరకదు. కొళాయి వచ్చాక ఆ ఆడమనిషికి రోజూ కొంత టైము మిగిలింది. ఆ టైముతో ఆమె సంఘం మీటింగుకి రావచ్చు, పిల్లని చదివించుకోవచ్చు, హాయిగా కూర్చోవచ్చు. లోన్ యాప్ వచ్చాక కుర్రాడి రాబోయే ఆర్నెల్ల టైము ఇవాళే అమ్ముడైపోయింది. రెండిటినీ సౌకర్యమనే పిలుస్తున్నారు. ఒకటి మనిషిని విడిపిస్తోంది, రెండోది కట్టేస్తోంది. తేడా అక్కడుంది.

సావుకారు ఫోన్‌లోకి వచ్చాడు

మన చరిత్ర అంతా అప్పుల చరిత్రే. ఇది పుస్తకాల్లో వెతుక్కోక్కర్లేదు, తాతల్ని అడిగితే చెబుతారు. అయినా కొన్ని తేదీలు గుర్తుంచుకోండి.

1879 రంప పితూరీ ఎందుకు లేచింది? కల్లు మీద పన్ను, మన్సబ్‌దారు వసూళ్ళు ఒక కారణం. కింద నుంచి వచ్చిన వర్తకులు ఇంకో కారణం. కొద్దిపాటి అప్పుకి కోర్టు నుంచి డిక్రీ తెచ్చి, దానికి ఎన్నో రెట్ల విలువ చేసే పశువుల్ని, పంటని పట్టుకుపోయేవాళ్ళు. కోర్టు ఎక్కడుందో కూడా కొండ మీద మనిషికి తెలీదు.

1956లో గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, ఎందుకు పెట్టారు? సంతలో చింతపండుకి, కరక్కాయకి ధర చెప్పేది సావుకారే, ఉప్పుకి, కిరసనాయిలుకి ధర చెప్పేదీ సావుకారే గనక. 1959లో భూ బదలాయింపు చట్టం, దాన్ని గట్టి చేస్తూ 1/70 ఎందుకొచ్చాయి? అప్పు కింద భూమి రాయించుకోవడం ఆగలేదు గనక. 1960లో ఏజెన్సీలో వడ్డీ వ్యాపారికి లైసెన్సు ఉండాలని ప్రత్యేకంగా చట్టం తెచ్చింది కూడా అందుకే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి సంత రోజు గోండులు గుమిగూడింది భూమికి పట్టాలడగడానికి, దోపిడీ ఆపమనడానికి. జవాబుగా తుపాకులు పేలాయి. ప్రభుత్వ లెక్కలోనే 13 మంది పోయారు.

ఇన్ని ప్రాణాలు పోసి సావుకారుని ఊరి పొలిమేర దాకా తోలాం. ఇప్పుడు వాడు జేబులో ఫోన్‌లోంచి వచ్చాడు. వాడికి మొహం లేదు, ఊరు లేదు, ఎక్కడికెళ్ళి అడగాలో తెలీదు.

లెక్క ఒకసారి చూద్దాం. 5,000 అప్పు అంటాడనుకోండి. ప్రాసెసింగ్ ఫీజు, ఇంకేదో ఫీజు అని ముందే కోసుకుని చేతికి 3,500 ఇస్తాడు. వారంలో 5,000 కట్టాలి. అంటే 3,500 మీద వారానికి 1,500. నూటికి దాదాపు 43. ఏడాదికి కాదు, వారానికి! ఏ పాత సావుకారూ ఇంత ధైర్యం చేసి ఉండడు. కట్టకపోతే ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ కాల్స్. అత్తకి, మామకి, పాత టీచరుకి. హాస్టల్ గదుల్లో ఇలాంటి ఫోన్లు మోగడం నేను విన్నాను. కుర్రాడు మొహం తెల్లబోయి బయటికి వెళ్ళిపోతాడు. ఎవరికీ చెప్పడు. పరువు!

తమ్ముడూ, చెల్లీ, ఇది చదువుతున్న మీలో ఎవరైనా ఆ స్థితిలో ఉంటే వినండి. 2022లో రిజర్వ్ బ్యాంకు డిజిటల్ అప్పుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టుల్లోకి, కాల్ రికార్డుల్లోకి, ఫొటోల్లోకి దూరకూడదు. మీ చుట్టాలకి ఫోన్ చేసి పరువు తీసేవాడు నేరం చేస్తున్నాడు, మీరు కాదు. స్క్రీన్ షాట్లు దాచుకుని సైబర్ క్రైమ్ నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. సంఘంలో ఒకరికైనా చెప్పండి. ఒంటరిగా మోయకండి.

‘కాదు’ అనే మాట ఎవరిది?

ఇప్పుడు అసలు మాటకొస్తా.

మన దగ్గర డబ్బు లేదు, పలుకుబడి లేదు, టీవీ ఛానెల్ లేదు. అయినా పెద్ద పెద్ద కంపెనీలు మన దగ్గర ఆగిపోయిన సందర్భాలున్నాయి. 1997లో సమతా తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీకి లీజుకివ్వడానికి లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైటు తవ్వాలా వద్దా గ్రామసభల్నే అడగమని 2013లో అదే కోర్టు అంది. పన్నెండు ఊళ్ళు కూర్చున్నాయి. పన్నెండూ కాదన్నాయి. డొంగ్రియా కోందుల ఆ ఒక్క మాటకి వేదాంత కంపెనీ కథ అక్కడ ఆగింది. 2015లో చింతపల్లి వైపు బాక్సైటు కోసం ఇచ్చిన జీవో 97 కూడా మన్యం అంతా ఏకమై కాదంటే 2019లో రద్దయింది. ఇవాళ అల్లూరి జిల్లాలో పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టుల ముందు నిలబడ్డ ఊళ్ళ దగ్గరా ఉన్నది అదే మాట.

టన్ను అల్యూమినియం తియ్యాలంటే సుమారు నాలుగు టన్నుల బాక్సైటు తవ్వాలి. మీ ఇంటికి బిర్యానీ వచ్చే వెండి రంగు డబ్బా అదే లోహం. కానీ నియమగిరి ఎవరో ఆ డబ్బాలో తినడం మానేసినందుకు ఆగలేదు. గ్రామసభ కూర్చున్నందుకు ఆగింది. కాబట్టి నేను మిమ్మల్ని పుణ్యాత్ములవ్వమని అడగట్లేదు. బజారులో ఏ వస్తువూ కడిగిన ముత్యం కాదు. ఈ ఫోన్ కూడా కాదు, మీరు ఇది చదువుతున్న ఇంటర్నెట్టూ కాదు.

మరి సొంత బాధ్యత ఏమిటి? ఆ గ్రామసభలో చెయ్యెత్తడానికి మనిషి రావాలి కదా. ఎవరు రాగలరు?

బండి అప్పుకి కాంట్రాక్టరు హామీ సంతకం పెట్టాడనుకోండి. రేపు అదే కాంట్రాక్టరు కొండ మీదకి జేసీబీ తెస్తే ఆ కుర్రాడు ఎదురు నిలబడగలడా? ఒక్క రోజు పనికి లాగిన్ అవకపోతే ఈఎంఐ తప్పిపోయేవాడు గ్రామసభ కోసం ఊరికి రాగలడా? పెళ్ళికి డీజే, ఫ్లెక్సీలు, రెండు వందల మందికి చికెన్ బిర్యానీ అని ఊళ్ళో నాయకుడి దగ్గర యాభై వేలు తెచ్చుకున్న ఇల్లు ఎన్నికల్లో తన ఇష్టానికి ఓటెయ్యగలదా? అప్పున్నవాడి నోట్లో ‘కాదు’ అనే మాట రాదు. వాడు చెడ్డవాడై కాదు. ఆ మాట తాకట్టులో ఉంది.

ఖర్చుల్లో నాకు కనబడే అసలు తప్పు ఇదొక్కటే. కూల్ డ్రింక్ తాగడం పాపం కాదు. మంచి చొక్కా పాపం కాదు. మన ‘కాదు’ని ఇంకొకడి చేతిలో పెట్టే ఖర్చు, అది చిన్నదైనా పెద్దదైనా, మన ఒక్కరి సొంత విషయం కాదు. అది ఊరందరి ఆస్తి. దాన్ని అమ్ముకునే హక్కు ఏ ఒక్కరికీ లేదు. 1/70 భూమికి చెప్పింది మన మాటకి కూడా వర్తించాలి: ఇది మన చెయ్యి దాటి పోకూడదు.

మద్దతుదారులకి

ఇప్పుడు పట్నంలో ఉన్న మీ వైపు తిరుగుతున్నా. మీరు మాతో ఊరేగింపుల్లో నడిచారు, మా పోస్టులు షేర్ చేశారు, కేసులొస్తే లాయర్లని వెతికారు. మర్చిపోము. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నా.

"వ్యవస్థ తప్పు" అనేది నిజమే. కానీ మీరు దాన్ని సెలవు చీటీలా వాడుతున్నారు. తప్పు వ్యవస్థదైతే పని పెరగాలి, తగ్గకూడదు.

మేము ఖర్చుకి పెట్టుకున్న పరీక్షే మీకూ పెడుతున్నా. మీ సుఖం వెనక ఎవరి ‘కాదు’ మింగేశారు? మీ గుమ్మం ముందు నిలబడ్డ కుర్రాడిని చూడండి. యాప్ వాడిని "పార్టనర్" అంటుంది. పెట్రోలు వాడిది, బండి వాడిది, పడితే విరిగేది వాడి కాలు. కానీ రేటు చెప్పేది యాప్. ఆర్డరు వద్దంటే రేటింగ్ పడుతుంది, గట్టిగా మాట్లాడితే ఐడీ బ్లాక్. వానలో రానని చెప్పే హక్కు లేని పార్టనర్ ఎక్కడైనా ఉంటాడా? నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో ఇలాంటి గిగ్ కార్మికులు 77 లక్షల మంది. 2029-30కి 2.35 కోట్లవుతారని దాని అంచనా. వీళ్ళ భద్రత గురించి కూడా రాసిన సామాజిక భద్రత కోడ్ 2020లో చేశారు. అమల్లోకి తెచ్చింది 2025 నవంబరులో! పది నిమిషాల్లో పెరుగు ప్యాకెట్ తెప్పించే దేశంలో కూలివాడి చట్టం ఇల్లు చేరడానికి ఐదేళ్ళు పట్టింది.

"నేను ఆర్డర్ మానేస్తే వాడి పొట్ట కొట్టినట్టే కదా" అంటారు. బాగా అన్నారు. కాబట్టి మీరు మానేసి చేతులు కడుక్కోమని నేనడగట్లేదు. వాళ్ళు ఏమడుగుతున్నారో వినమంటున్నా. 2025 డిసెంబరు 31న డెలివరీ కార్మికుల సంఘాలు సమ్మె పిలుపిచ్చాయి. అడిగిన వాటిలో ఒకటి: పది నిమిషాల డెలివరీ ఆపండి. తర్వాత రెండు వారాల్లో కేంద్ర కార్మిక శాఖ కంపెనీల్ని పిలిచి మాట్లాడింది, బ్లింకిట్ తన ప్రకటనల్లోంచి పది నిమిషాల మాట తీసేసింది. మాట తీసేస్తే పరుగు ఆగిపోదు, నాకూ తెలుసు. కానీ ఆ కాస్తయినా సాధించింది ఎవరు? కలిసి ‘కాదు’ అన్న కార్మికులు. అంతకుముందు 2023లో రాజస్థాన్ దేశంలోనే మొదటిసారి గిగ్ కార్మికుల కోసం చట్టం చేసిందన్నా, దాని వెనకా సంఘాలే ఉన్నాయి.

ఆ 31 రాత్రి మీలో ఎంతమంది యాప్ తెరిచారు? ఇది మాత్రం వ్యవస్థ చెయ్యలేదు. మీ బొటనవేలు చేసింది. సమ్మె రోజు ఆర్డర్ పెట్టడం, ధర్నా అవతల పక్క నిలబడటం ఒకటే. ఆ ఒక్క రోజు మీ ఫ్రిజ్‌లో కేక్ లేకపోతే కొంప మునగదు.

మరి ఏం చేద్దాం?

మంత్రం ఏమీ లేదు. మన చేతిలో ఉన్నవి కొన్ని చెబుతా.

ఒకటి. ఖర్చు పెట్టేముందు ఒక ప్రశ్న: దీనివల్ల రేపు నేను ఎవరికి ‘కాదు’ అని చెప్పలేకపోతాను? ఎవరికీ కాదంటే, చేతిలో డబ్బుంటే, కొనుక్కోండి. హాయిగా వాడుకోండి. సిగ్గుపడక్కర్లేదు. ఏ పేరైనా గుర్తొస్తే ఆగండి.

రెండు. హాస్టల్లో, కోచింగ్ రూముల్లో, డెలివరీ చేసే మన కుర్రాళ్ళల్లో చిన్న పొదుపు గుంపులు పెట్టుకోండి. పదిహేను మంది వారానికి 50 రూపాయలు వేసుకుంటే నెలకి 3,000 జమవుతుంది. ఫోన్ రిపేరు, జ్వరం, ఊరికి బస్సు చార్జీ, వీటికి యాప్ దగ్గరకి పోనక్కర్లేదు. మన అమ్మలు డ్వాక్రా సంఘాల్లో ఏళ్ళుగా చేస్తున్న పనే. డిగ్రీలు చదివిన మనకి ఎందుకు చేతకాదు?

మూడు. ఇది మన ఇంటి గుట్టు, అయినా చెప్పాలి. ఆగస్టు 9న మన సభల్లో భోజనాలు థర్మోకోల్ ప్లేట్లలో, నీళ్ళు ప్లాస్టిక్ ప్యాకెట్లలో, స్టేజీ వెనక నలభై అడుగుల ఫ్లెక్సీ. ప్లేటు కడగడం బాధ, ఆకులు కుట్టించడానికి టైము లేదు అంటాం. అడ్డాకులు అడవిలో ఏరి, మోసుకొచ్చి, విస్తళ్ళు కుట్టి సంతలో అమ్మేది మన తల్లులే. అటవీ హక్కుల చట్టం 2006 ఆ ఆకు మీద మనకి యాజమాన్య హక్కు ఇచ్చింది. స్టేజీ మీద ఆ హక్కు గురించి ఉపన్యాసం, కింద థర్మోకోల్‌లో సాంబారు! ఆ రోజు మనం పెట్టే ఖర్చు మన తల్లుల చేతికి వెళ్ళాలా, ఫ్యాక్టరీకి వెళ్ళాలా అనేది తేల్చేది ఏ ప్రపంచ పెట్టుబడీ కాదు. మన కమిటీయే. నెల ముందు ఒక ఊరికి ఆర్డరిస్తే చాలు.

నాలుగు. డెలివరీ పనిలో ఉన్న ప్రతి ఆదివాసీ కుర్రాడూ ఏదో ఒక కార్మిక సంఘంలో చేరండి. ఊళ్ళో సంఘం వేరు, పట్నంలో సంఘం వేరు అనుకోకండి. గ్రామసభలో చెయ్యెత్తడం, యాప్ ముందు లాగౌట్ అవడం, రెండూ ఒకే పని.

ఐదు. జీసీసీ కొనుగోలు ధరలు, డీఆర్ డిపోలో సరుకు, సంతలో తూకం, వీటి మీద అడగడం మానకండి. సహకార సంస్థ సరిగ్గా పనిచేస్తే సావుకారు అక్కర్లేదు. అది నీరసిస్తే సావుకారు వస్తాడు, ఈసారి యాప్ రూపంలో. సొంత ఖర్చు సరిచేసుకుని ఇంట్లో కూర్చుంటే సగం పనే అవుతుంది.

చివరిగా ఒక మాట. మన తాతలు చాలా పోగొట్టుకున్నారు. పొలాలు, పశువులు, కొన్నిచోట్ల ఊళ్ళకి ఊళ్ళే. అయినా కాదనడం మాత్రం మానలేదు. ఆ మాటని బతికించి మన చేతిలో పెట్టారు. ఇప్పుడది నాలుగు నోటిఫికేషన్లకి, ఆరు ఈఎంఐలకి జారిపోతుంటే చూస్తూ కూర్చోవద్దు. ఈ వారం సంతకి వెళ్ళినప్పుడు, రూముకి వెళ్ళినప్పుడు, మీ పక్కనున్న ఒక్కరిని కూర్చోబెట్టి అడగండి: "నీ మీద ఎంత అప్పుంది? ఎవరిది?" తిట్టడానికి కాదు, కలిసి తీర్చుకోవడానికి. పని అక్కడ మొదలవుతుంది.

జై ఆదివాసీ!